ఆస్పత్రిలో మన మనిషి పక్కన ఉన్నప్పుడు: వైద్యమే హాని చేయకుండా ఎలా చూసుకోవాలి

మా అమ్మకు కీళ్లవాతం. మూడేళ్ల కిందట డాక్టరు గారు మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. వారానికి ఒక్కసారే, ఆదివారం రాత్రి వేసుకోవాలి. చీటీలో అలాగే ఉంది. మెడికల్ షాపు అబ్బాయి మాత్రం కవరు మీద పెన్నుతో "రాత్రి 1" అని రాసిచ్చాడు. అమ్మకు ఇంగ్లిషు చదవడం రాదు, అంకెలు వచ్చు. కవరు మీద ఉన్నట్టే రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకుంది. తొమ్మిది రోజులు వేసుకుంది. పదో రోజుకు నోరంతా పూసి మజ్జిగ కూడా మింగలేకపోయింది. జ్వరం వచ్చింది. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడింది.

ఇందులో అమ్మకు చెడు చేయాలనుకున్నవాళ్లు ఎవరూ లేరు. డాక్టరు గారు సరిగ్గానే రాశారు. షాపు అబ్బాయి ఎదురుగా పది మంది నిలబడి ఉంటే తొందరలో రాశాడు. ఆ కవరు నేనూ చూశాను. చూసి డబ్బాలో పెట్టేశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, వైద్యం తీసుకునే ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి ఆ వైద్యం వల్లే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా ఆపగలిగినవే. మందుల దగ్గర జరిగే పొరపాట్లది అందులో పెద్ద వాటా. వైద్యంలో రోగి భద్రత కోసమే 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17న ఒక రోజు జరుపుతున్నారు.

అమ్మ మంచం పక్కన ఉన్న ఆ పదకొండు రోజుల్లో నాకు అర్థమైంది ఇది. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి ఐదు నిమిషాలు ఉంటారు. సిస్టర్లు షిఫ్టుకొకరు మారతారు. ల్యాబ్ వాళ్లు వేరు, మందుల షాపు వేరు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే ప్రతిచోటా ఏదో ఒక మాట జారిపోతుంది. ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉండేది స్టూలు మీద కూర్చున్న మనమే. డాక్టరు పని మనం చేయలేం, చేయకూడదు. జారిన మాటను పట్టుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది. ఎలాగో వరసగా చెబుతాను.

1. ఆస్పత్రికి బయల్దేరే ముందు: ఒక నోటుబుక్కు, ఒక కవరు

కవరులో ఇంట్లో వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ వేయండి. బీపీ, షుగరు, థైరాయిడ్‌వే కాదు. నొప్పులకు అప్పుడప్పుడూ వేసుకునేవి, నిద్రమాత్రలు, ఆయుర్వేదం పొడులు, హోమియో మందులు, కంటి చుక్కలు కూడా వేయండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఈమధ్య ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే అదీ చెప్పాలి. డాక్టరు తిడతారేమోనని చాలామంది ఇది దాస్తారు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉందో నొప్పి మందు ఉందో తెలియకపోతే అసలు వైద్యం దారి తప్పుతుంది.

నోటుబుక్కులో మొదటి పేజీలో ఇవి రాయండి: వయసు, బరువు, పాత జబ్బులు, చేసిన ఆపరేషన్లు, ఈమధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష, దీన్నిబట్టే కొన్ని మందుల డోసు మారుతుంది), ఇంకా "పడని మందులు". ఈ చివరిది ఎర్ర ఇంకుతో రాయండి. "ఏదో సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, పేరు గుర్తు లేదు" అనే సమాధానం ఎవరికీ పనికిరాదు. పాత చీటీలు వెతికి ఆ పేరు పట్టుకోండి.

రెండో పేజీలో మందుల పట్టిక. బ్రాండు పేరు పక్కనే, స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కూడా రాయండి. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకునే పెద్దవాళ్లు ఒకే మందును రెండు బ్రాండ్లలో వేసుకుంటూ ఉంటారు. డోలో, కాల్పాల్ రెండూ పారాసెటమాలే. జలుబు మాత్రల్లో చాలావాటిలోనూ అదే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదన్న మందు అది, లివరు బాగాలేనివాళ్లకు ఇంకా తక్కువ.

2. చేర్చుకున్న రోజు: పేరు ఒక్కటే చాలదు

మన వార్డుల్లో ఇద్దరు లక్ష్మమ్మలు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం మామూలే. చేతికి కట్టే పట్టీ మీద పేరు, వయసు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) సరిగ్గా ఉన్నాయో లేవో మీరే చదవండి. ఐపీ నంబరు మీ నోటుబుక్కులోనూ రాసుకోండి. సూది వేసేముందు, రక్తం తీసేముందు, ఎక్స్‌రేకి తీసుకెళ్లేముందు ఎవరైనా "లక్ష్మమ్మేనా?" అని అడిగితే "అవును" అని ఊరుకోకండి. పూర్తి పేరు, నంబరు చెప్పండి. సగం నిద్రలో ఉన్న పెద్దవాళ్లు ఏ పేరు పెట్టి పిలిచినా "ఊ" అంటారు.

3. ప్రతి మందు దగ్గరా మూడు ప్రశ్నలు

ఇది ఏం మందు? ఎందుకు? నిన్నటి మందేనా, కొత్తదా?

అడిగే తీరు ముఖ్యం. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ఎంతమందిని చూసుకుంటారో మీరు చూస్తూనే ఉంటారు. "మీరేం వేస్తున్నారో మాకు తెలియాలి" అని గట్టిగా అంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. నేను ఇలా అడిగేదాన్ని: "సిస్టర్, ఇదేం మందండీ? అమ్మకి ఒక మందు పడదు, అందుకే రాసుకుంటున్నా." ఒక్క సిస్టర్ కూడా విసుక్కోలేదు. నాలుగో రోజు ఒకావిడ ట్రే తెచ్చి, నేను అడిగేలోపే పేరు చదివి, ఆగి, "ఇది పక్క బెడ్‌దమ్మా" అని వెనక్కి తీసుకెళ్లారు. గట్టిగా చదవడం వల్లే అది ఆవిడ కంటపడింది.

ఇన్సులిన్ దగ్గర మరీ జాగ్రత్త. మన దేశంలో ఇన్సులిన్ బాటిళ్లు రెండు బలాల్లో దొరుకుతాయి. 40 అని రాసి ఉన్నదాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 అని రాసి ఉన్నదాంట్లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. సిరంజీలు కూడా రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది 40కి, నారింజ రంగు మూత ఉన్నది 100కి. ఇవి తారుమారైతే ఏమవుతుందో చూడండి. 20 యూనిట్లు వేయాలి. 100 బాటిల్ నుంచి ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే, అందులోకి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. చెమటలు పట్టి, మనిషి స్పృహ తప్పేంత డోసు. అటు 40 బాటిల్‌కి నారింజ మూత సిరంజీ వాడితే 8 యూనిట్లే వెళ్లి షుగరు తగ్గదు. తగ్గలేదని డోసు పెంచుతారు. ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ బాటిల్ మీది అంకె, సిరంజీ మీది అంకె పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్సులిన్ పెన్నులో వాడే కాట్రిడ్జి నుంచి సిరంజీతో మందు లాగడం అసలే వద్దు.

ఇన్సులిన్ వేశాక భోజనం ఆలస్యమైతే వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. స్కానింగ్ కోసం ఖాళీ కడుపుతో ఉంచిన రోజున అయితే, సూది వేసేముందే అడగాలి.

సెలైన్ గురించి ఒక మాట, ఇది మనం చేసే తప్పు. బాటిల్ త్వరగా అయిపోతే ఇంటికెళ్లొచ్చని అటెండెంట్లే ఆ చిన్న చక్రం తిప్పి వేగం పెంచడం నేను కళ్లారా చూశాను. దయచేసి ముట్టుకోకండి. కొన్ని బాటిళ్లలో పొటాషియం కలుపుతారు. అది వేగంగా ఎక్కితే గుండె ఆగిపోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మామూలు సెలైన్ ఎక్కువైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. "నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి" అని మనమే అడిగి ఎక్కించుకునే అలవాటు కూడా మానుకోవాల్సిందే.

చేతికి సూది గొట్టం పెట్టిన చోట ఎర్రబడినా, వాచినా, తాకితే నొప్పి అన్నా తెల్లారేదాకా ఆగకండి.

4. రక్తం ఎక్కించేటప్పుడు

బ్యాగు మీద పేరు, ఐపీ నంబరు, గ్రూపు, గడువు తేదీ. ఈ నాలుగూ ఇద్దరు సిబ్బంది కలిసి సరిచూస్తారు. మీరూ పక్కన నిలబడి చూడండి. మొదలైన తర్వాత మొదటి పదిహేను నిమిషాలు అక్కడి నుంచి కదలకండి. చలి, వణుకు, జ్వరం, నడుము నొప్పి, ఆయాసం, దద్దుర్లు, మూత్రం ఎర్రగా రావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పిలవండి. వాళ్లు ముందు రక్తం ఆపుతారు, తర్వాత మిగతాది చూస్తారు. ఫ్రిజ్ నుంచి తీసిన బ్యాగు నాలుగు గంటల్లోపు పూర్తవ్వాలి. దాన్ని వెచ్చబెడదామని ఎవరూ వేడినీళ్లలో పెట్టకూడదు.

5. ఆపరేషన్ ముందురోజు

ఏ వైపు ఆపరేషనో (కుడి మోకాలా, ఎడమా) డాక్టరు పెన్నుతో గుర్తు పెట్టేటప్పుడు మనిషి మెలకువగా ఉండి తానే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి. ఏమీ పెట్టొద్దన్నప్పుడు "పాపం, ఒక్క గుక్క కాఫీ" అని పోయకండి. మత్తులో ఆ కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆపరేషన్ థియేటర్‌లో గట్టిగా చదివి సరిచూసుకోవడానికి 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చింది. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దాన్ని వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. పేరు, ఆపరేషన్ చేసే చోటు, పడని మందులు, లోపల గుడ్డలు, పరికరాలు మిగిలిపోలేదని లెక్క, ఇవన్నీ అందులో ఉంటాయి. "సర్జికల్ చెక్‌లిస్టు వాడతారా డాక్టరు గారూ?" అని అడగడంలో తప్పేమీ లేదు.

6. మంచం మీద ఉన్నన్ని రోజులూ

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ టైము రాయండి. నడుము కింద, తుంటి, మడమలు, ఈ మూడు చోట్లా రోజూ వెలుతురులో చూడండి. వేలితో నొక్కితే తెల్లబడని ఎరుపు కనిపించిందంటే పడక పుండు మొదలైనట్టే. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం ఆపకండి.

యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లేటప్పుడు బ్యాగును ఒళ్లో పెడతారు. అందులోని మూత్రం వెనక్కి వెళ్లి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. "ఈ పైపు ఇంకా అవసరమా డాక్టరు గారూ?" అని రోజూ రౌండ్స్‌లో అడగండి. అవసరం తీరిన పైపు ఒక్కరోజు ఎక్కువ ఉన్నా ముప్పే.

ముక్కు గొట్టం ద్వారా పాలు, జావ పోసేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచాలి. పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా పంపకండి. కొత్త బీపీ మాత్ర, నిద్రమాత్ర, తడి నేల, చీకటి, ఇవన్నీ కలిసి తుంటి ఎముక విరుగుతుంది. లేచేముందు ఒక నిమిషం మంచం మీదే కూర్చోబెట్టండి.

ఇక చేతులు. 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, ప్రసవం చేసేముందు డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతల చావులు బాగా తగ్గుతాయని చూపించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా వార్డులో ఇన్‌ఫెక్షన్ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి చేరేది ఎక్కువగా చేతుల మీదుగానే. చుట్టాలు పలకరించడానికి వచ్చినప్పుడు ముందు శానిటైజర్ చూపించండి. ఏమన్నా అనుకుంటారని మొహమాటపడకండి.

7. "మనిషి నిన్నటిలా లేదు" అనిపించినప్పుడు

మిషన్ల కంటే ముందు మీకే తెలుస్తుంది. పిలిస్తే పలికే మనిషి మగతగా ఉండటం, పొంతన లేని మాటలు, ఊపిరి వేగం, పొద్దుటి నుంచి మూత్రం రాకపోవడం. వీటిని "వయసు కదా" అని వదిలేయకండి. సిస్టర్‌తో కచ్చితంగా చెప్పండి: "నిన్న సాయంత్రం నా పేరు పెట్టి పిలిచింది, ఇవాళ ఉదయం ఆరు నుంచి గుర్తుపట్టడం లేదు. రాత్రి కొత్త మాత్ర ఒకటి వేశారు." "ఏదోలా ఉంది" అనే మాట కన్నా ఇది పదింతలు పనిచేస్తుంది. పావుగంటలో ఎవరూ రాకపోతే డ్యూటీ డాక్టరును అడగండి. అక్కడా కాకపోతే ప్రభుత్వాస్పత్రిలో ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), ప్రైవేటులో ఇన్‌చార్జి. మనిషి ఊపిరి కష్టంగా ఉంటే పావుగంట కూడా ఆగకండి, కేకవేయండి.

షిఫ్టు మారే సమయంలో కాఫీకి వెళ్లకండి. కొత్త సిస్టర్ రాగానే పడని మందు పేరు మళ్లీ చెప్పండి.

8. డిశ్చార్జి రోజు: ఇక్కడే ఎక్కువ జారుతుంది

బిల్లు, ఇన్సూరెన్సు, ఆటో, ఈ హడావిడిలో మందుల కాగితం సంచిలో పడేస్తాం. ఒక పావుగంట కూర్చోండి. మీ నోటుబుక్కు రెండో పేజీ తెరిచి డిశ్చార్జి కాగితం పక్కన పెట్టండి. పాతవాటిలో ఏది ఆపాలి, ఏది కొనసాగాలి, కొత్తది ఏది, ఎన్ని రోజులు? ప్రతి మందుకూ సమాధానం ఉండాలి. పాత బీపీ మాత్ర గురించి కాగితంలో ఏమీ లేకపోతే ఆపమన్నారనీ కాదు, వాడమన్నారనీ కాదు. అడగాలి.

కాగితంలో ఉండే గుర్తులు: ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకునేముందు, ఎస్‌ఓఎస్ అవసరమైతేనే. 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఎస్‌ఓఎస్ అని రాసిన నొప్పి మాత్రను రోజూ మూడుపూటలా నెలల తరబడి వేసుకుని కిడ్నీలు పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు నొప్పి మాత్రలతో ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

షాపులో మందులు తీసుకున్నాక కౌంటర్ దగ్గరే నిలబడి స్ట్రిప్పు మీది పేరు, బలం చీటీతో కలిపి చూడండి. కవరు మీద రాసిన మాట కూడా చీటీతో సరిపోవాలి. వారానికి ఒకసారి వేసుకునే మందు ఏదైనా ఉంటే కవరు మీద వారం పేరు తెలుగులో రాయండి. మా ఇంట్లో ఇప్పుడు మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు అమ్మ డబ్బాలో ఉండదు. నా బీరువాలో ఉంటుంది. ఆదివారం రాత్రి ఒక్క మాత్ర కత్తిరించి అమ్మ చేతిలో పెట్టి, క్యాలెండరులో ఆ తేదీ మీద టిక్కు కొడతాను. దాంతో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా చిన్నదే, పసుపుపచ్చగానే ఉంటుంది. అందుకే రెండింటినీ ఒకే అరలో పెట్టను.

పిల్లల జ్వరం మందు కూడా చెప్పాలి. పారాసెటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయితే 5 మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250. "5 ఎంఎల్ వేయమన్నారు" అన్నది గుర్తుపెట్టుకుని సిరప్‌కు బదులు డ్రాప్స్ 5 ఎంఎల్ వేస్తే, పది కిలోల బిడ్డకు పెద్దవాళ్ల మాత్రంత, 500 మిల్లీగ్రాములు వెళ్లిపోతుంది. ఆ బిడ్డకు కావాల్సింది 100 నుంచి 150. వంటింటి చెంచాతో కొలవకండి. సీసాతో వచ్చిన కప్పు లేదా డ్రాపర్ వాడండి.

9. హాని జరిగిందని అనిపిస్తే

మొదట డాక్టరుకు చెప్పండి. అనుమానం ఉన్న మందు తర్వాతి డోసు వేసేముందే చెప్పండి. కానీ స్టెరాయిడ్లు, ఫిట్స్ మాత్రలు, గుండె మందులు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అదే ఇంకో ప్రమాదం. స్ట్రిప్పులు, సీసాలు, కవర్లు పారేయకండి. ఏ రోజు, ఎన్నింటికి, ఏం జరిగిందో అప్పటికప్పుడే రాయండి.

కేస్ షీట్ (ఆస్పత్రిలో చేసిన వైద్యమంతా రాసి ఉంచే కాగితాలు) నకలు అడగడం మీ హక్కు. వైద్యుల నియమావళి (2002) ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

మందు వల్ల వచ్చిన దుష్ఫలితం అయితే, 2010లో మొదలైన దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలను నమోదు చేసే) కార్యక్రమానికి ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చు: 1800-180-3024, ఉచితం. డాక్టర్లే చెప్పాలని లేదు.

వైద్యం చేసినా మనిషి కోలుకోకపోయిన ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు. ముందు డాక్టరును కూర్చోబెట్టి ఏం జరిగిందో అడగండి. ఇంకో డాక్టరుకు కాగితాలు చూపించండి. డాక్టర్ల మీద, సిస్టర్ల మీద చేయి చేసుకోవడం, అద్దాలు పగలగొట్టడం వల్ల మీ మనిషికి ఒరిగేది లేదు. పక్క మంచం మనిషికి అందాల్సిన వైద్యం కూడా ఆగిపోతుంది. నిర్లక్ష్యమే అని తేలితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట అది వర్తించదు. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

ఇంకో పని కూడా చేయండి. పొరపాటు ఎక్కడ జరిగిందో అక్కడికి వెళ్లి చెప్పండి. అమ్మ ఇంటికొచ్చాక నేను ఆ కవరు, రక్తపరీక్ష రిపోర్టు తీసుకుని షాపుకి వెళ్లాను. గొడవపడటానికి కాదు. ఆ అబ్బాయి రెండూ చూసి చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెలా ఉన్నారండీ అమ్మగారు?" అని అడిగాడు. ఇప్పుడు ఆ షాపులో మెథోట్రెక్సేట్ తీసుకున్నవాళ్ల కవరు మీద "ఆదివారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి, పైకి చదివించి ఇస్తున్నాడు.